తెరకు తొడుగు

"మీ ప్రోగ్రాం పని బాగానే చేస్తుందండీ, మొహమే బాగోలేదు," అన్నాడు రంగుల షాపాయన ఫోన్లో.

మామయ్యకు ఆ మాట ముల్లులా గుచ్చుకుంది. ఆ ప్రోగ్రాంను మొదటి అక్షరం నుంచీ ఆయనే రాశాడు. రంగులమ్మే షాపుల్లో కౌంటరు మీది కంప్యూటర్లో అది నడుస్తుంది. ఇంటికి రంగు వేయించుకునేవాళ్లు తెర ముందు కూర్చుని వేలాది రంగుల్లోంచి ఒకటి ఎంచుకుంటారు. ప్రోగ్రాం దాని పాళ్లు లెక్కగట్టి పక్కనున్న యంత్రానికి చెబుతుంది. యంత్రం తెల్లరంగు డబ్బాలో ఎరుపింత, పసుపింత, నీలమింత పోసి, గడగడా గిలక్కొట్టి, మూత మీద నంబరు అంటించి ఇస్తుంది. ఇన్నేళ్లలో ఆ లెక్క ఎక్కడా తప్పలేదు. తెర మాత్రం పుట్టిననాడు ఎలా ఉందో ఈనాటికీ అలాగే ఉంది. బూడిద రంగు పలక, దాని మీద బూడిద రంగు బటన్లు, మధ్యలో ఎంచుకున్న రంగు కనిపించే పెద్ద చదరం.

"విన్నారా? రంగులమ్మే కంప్యూటరుకే రంగు లేదట," అన్నాడు మామయ్య ఆఫీసంతా వినేలా.

ఆఫీసంతా అంటే నలుగురే. మామయ్య యజమాని. అత్తయ్య లెక్కలు చూస్తుంది. వాళ్లబ్బాయి షాపుల వెంట తిరిగి ప్రోగ్రాం అమ్ముకొస్తాడు. నాలుగో మనిషి మామయ్య మేనకోడలు. ప్రోగ్రాం మంచిచెడ్డలన్నీ ఇప్పుడు ఆమే చూస్తుంది. ఆమెను అందరూ చుక్క అంటారు. చిన్నప్పుడు కాపీ రాస్తూ ఒక్క సిరా చుక్క పడినా పేజీ చించేసి మళ్లీ మొదటి నుంచి రాసేదని మామయ్య పెట్టిన పేరు అది. పెళ్లయింది, పిల్లలు పుట్టారు, తలలో తెల్ల వెంట్రుకలూ తొంగిచూస్తున్నాయి. ఆ పేరూ పోలేదు, ఆ బుద్ధీ పోలేదు.

"స్కిన్ వేద్దాం మామయ్యా," అంది చుక్క.

టిఫిన్ క్యారియర్ విప్పుతున్న అత్తయ్య తలెత్తింది. "స్కిన్ అంటే తోలు కదే. తోలు తీస్తాననడం విన్నాను గానీ తోలు తొడుగుతాననడం వినలేదు."

"లోపల ప్రోగ్రాం ఏమీ మారదు అత్తయ్యా. పైన బటన్లు, మెనూలు, అంచులు కొత్తగా కనిపిస్తాయి. అవన్నీ మనం కూర్చుని గీస్తే ఏడాది పడుతుంది. అందుకని ఎవరో రాసి సిద్ధంగా ఉంచిన కోడ్, లైబ్రరీ అంటారు, అది తెచ్చి మన ప్రోగ్రాంకు తగిలిస్తాం."

"రెడీమేడ్ చొక్కా అను."

"అదే అనుకో."

"కొలతలు చూసుకోండి మరి. తొడుక్కున్నాక చంకల్లో పట్టేసిందంటే వాడు వెనక్కి తీసుకోడు."

లైబ్రరీ ఎంచుకునే పని చుక్కది. ఆమె కుర్చీ సర్దుకుని కూర్చోకముందే బావ ఒకటి పట్టుకొచ్చాడు. ఏదో ప్రదర్శనలో చూశాడట. దాన్ని తగిలించి చూపిస్తే నిజంగానే కళ్లు చెదిరాయి. బటన్లు తడిసిన సబ్బుబిళ్లల్లా మెరుస్తున్నాయి. మెనూ నొక్కితే అది పొగలోంచి వచ్చినట్టు వస్తోంది. మౌసు ఎటు జరిగితే అటు మెరుపుల పొట్టు రాలుతోంది.

"ఇది చూపించానంటే ఏ షాపువాడూ కాదనడు నాన్నా," అన్నాడు బావ.

మామయ్యకూ నచ్చినట్టే ఉంది. కాదనడానికి చుక్క నోరు తెరవలేదు. బావ కొత్త కంప్యూటర్లో చూపించినదాన్నే తీసుకెళ్లి, షాపుల్లో ఉండేలాంటి పాత కంప్యూటరు ఒకటి మూలన పడి ఉంటే అందులో పెట్టి, ఆన్ చేసి ఊరుకుంది. మామయ్య కింద వీధిలోకెళ్లి టీ తాగి, తెలిసినవాళ్లతో రెండు మాటలు మాట్లాడి వచ్చేసరికి తెర మీద సగం బటన్లు పడ్డాయి. మిగతా సగం ఇంకా పొగలోనే ఉన్నాయి.

"మింగ మెతుకు లేదు గానీ మీసాలకు సంపెంగ నూనె," అన్నాడు మామయ్య ఆ పాత కంప్యూటరు వైపు జాలిగా చూసి. బావ మొహం చిన్నబోయింది. చుక్క లోలోపల నవ్వుకుంది. వేలు విడిచిన బావైతే కాస్త జాలిపడేదేమో, సొంత బావ మీద జాలి ఏమిటి?

ఆ తర్వాత ఆమె రకరకాలు తిరగేసింది. కొన్నింటిలో పొడవాటి పేర్లు బటన్లలో పట్టలేదు. కొన్నింటితో ప్రింటు తీయబోతే ప్రోగ్రాం ఆగిపోయింది. చివరికి రెండు మిగిలాయి.

ఒకటి ఒక్క మనిషి రాసిన చిన్న లైబ్రరీ. చూడటానికి సాదాసీదాగా ఉంది. చాలాకాలంగా అందులో ఏ మార్పూ జరగలేదు. ఎందుకని ఆయనకు రాసి అడిగితే, "మార్చాల్సింది ఏమీ కనిపించలేదు" అని ఒక్క ముక్క జవాబు వచ్చింది. పైగా దాన్ని ఏ తెరకు ఆ తెరగా, ఏ బటనుకు ఆ బటనుగా మనమే చేత్తో తగిలించాలి. ప్రోగ్రాంలో చిన్నాపెద్దా కలిపి రెండు వందల తెరలున్నాయి. తలచుకుంటేనే చుక్కకు మెడ నొప్పి మొదలైంది.

రెండోది పెద్ద సంస్థది. ప్రోగ్రాం మొదట్లో ఒక్క లైను రాస్తే చాలు, లోపల ఎన్ని తెరలున్నా అదే వెతికి పట్టుకుని తొడుగు వేసేస్తుంది. తేలికైనది, పాత కంప్యూటర్లో కూడా చటుక్కున తెరుచుకుంది. దాని వివరాల్లో "మీ తెర మీద ఏ రంగూ ఎబ్బెట్టుగా కనిపించదు, అన్నింటినీ మాలో కలుపుకుంటాం" అని రాసుకున్నారు. చుక్క అది చదివి, బాగుందని తలూపి, ముందుకెళ్లింది. మంచి ప్రోగ్రామర్లందరికీ ఉండే బద్ధకం ఆమెకూ ఉంది. ఒక్క లైనుతో అయ్యే పనికి రెండు వందల తెరలు ఎవరు తవ్వుతారు?

ఆ ఒక్క లైనూ రాసి అందర్నీ పిలిచింది. బూడిద ప్రోగ్రాం రంగురంగులుగా లేచి కూర్చుంది. అందులో తొడుగులు చాలానే ఉన్నాయి. మామయ్య నీలం కావాలన్నాడు, బావ నలుపు కావాలన్నాడు. ఇద్దరూ గొంతు పెంచేసరికి అత్తయ్య అడ్డుపడింది.

"ఆ వంగపండు రంగుది పెట్టండి. నిండుగా ఉంది," అంది.

అంతే, వంగపండు రంగు ఖాయమైంది. ఆ ఇంట్లో గానీ ఆఫీసులో గానీ అత్తయ్య మాట మీద అప్పీలు లేదు.

చుక్క వారం పాటు దాన్ని పరీక్షించింది. బటన్లు, జాబితాలు, తేదీలు, బిల్లులు, అక్షరాల సైజు, దేన్నీ వదల్లేదు. ఒకరోజు బావ ఆమె వెనక నిలబడి తెర వంక చూస్తూ, "చుక్కా, ఆ పసుపుపచ్చ కాస్త నీరసంగా లేదూ?" అన్నాడు.

"నీ కళ్లు నీరసంగా ఉన్నాయి. రాత్రి పెందలాడే పడుకో."

"నిజంగానే అంటున్నా."

"నీ పొగ మెనూలు పోయాయన్న ఉక్రోషం బావా నీది," అంది చుక్క వెనక్కి తిరగకుండానే.

కొత్త ప్రోగ్రాంను ముందుగా ఫోన్ చేసిన షాపాయన దగ్గరే పెట్టారు. అక్కడ సజావుగా నడిస్తే మిగతా షాపులకు ఇద్దామన్నది మామయ్య జాగ్రత్త. షాపాయన మురిసిపోయాడు. డబ్బా కొనడానికి వచ్చినవాళ్లనే కాదు, చిరునామా అడగడానికి ఆగినవాళ్లను కూడా లోపలికి పిలిచి తెర చూపించాడు.

అత్తయ్యకు ముందుగదికి రంగు వేయించాలని ఎప్పటి నుంచో ఉంది. సొంత ప్రోగ్రాం ఉన్న షాపు వదిలి ఇంకెక్కడికి వెళుతుంది? కొత్త తెర ముందు తీరిగ్గా కూర్చుని, ఒకదాని తర్వాత ఒకటి చూసి, లేత గంధం రంగు ఎంచుకుంది. డబ్బాలు ఇంటికి వచ్చాయి. రంగు వాసన పడితే ఆమెకు తలనొప్పి, అందుకని పెయింటరుకు తాళాలిచ్చి అక్కగారింటికి వెళ్లింది.

పెయింటరు పని చేసుకుపోయాడు. మొదటిరోజు సాయంత్రం మామయ్య ఇంటికొచ్చి, లైటు వేసి, గుమ్మంలోనే ఆగిపోయాడు. గోడ చిలకపచ్చగా ఉంది. లేత చిలక కూడా కాదు, బాగా మేసిన చిలక. అయితే రంగు ఎంచుకున్నది భార్య. ఇంతకాలం కాపురం చేసినవాడు అలాంటి చోట తొందరపడడు. రాత్రి ఆమె ఫోన్ చేసి ఎలా ఉందని అడిగితే కాసేపు ఆలోచించి, "వెలుగుగా ఉంది" అన్నాడు.

"నేను చెప్పలా," అంది ఆమె సంతోషంగా.

మర్నాడు మిగతా గోడలు కూడా వెలుగుగా అయ్యాయి.

అక్కగారింటి నుంచి తిరిగొచ్చిన అత్తయ్య సంచీ చేతిలో ఉండగానే గోడల చుట్టూ ఒకసారి తిరిగింది. భర్తను ఏమీ అడగలేదు. ముందు పెయింటరును పిలిపించింది.

"డబ్బా మూత తీయగానే నా గుండె కూడా జారిందమ్మా," అన్నాడతను. "కంప్యూటర్లో చూసి మీరే ఎంచుకున్నారని షాపాయన చెప్పాడు. అయ్యగారు కూడా రోజూ వచ్చి చూసి ఏమీ అనలేదు. ఇద్దరు పెద్దవాళ్లకు నచ్చినదాన్ని కాదనడానికి నేనెవర్ని?"

అత్తయ్య మామయ్య వైపు తిరిగింది. "వెలుగుగా ఉందన్నారు."

"ఉంది కదా," అన్నాడు మామయ్య నేల చూస్తూ.

తర్వాతి ఫోన్ ఆఫీసులో ఉన్న చుక్కకు వచ్చింది. బావ పొరుగూళ్ల షాపులు తిరిగి ఆ ఉదయమే వచ్చి, ఇంటికి కూడా వెళ్లకుండా అక్కడే ఉన్నాడు. "నువ్వూ మీ బావా ఉన్నపళంగా రండి. కారణం చెప్పను, వచ్చి చూడండి."

చుక్క వచ్చి చూసింది. ముందుగా షాపువాళ్లు ఒక డబ్బా బదులు ఇంకో డబ్బా ఇచ్చారనుకుంది. ఖాళీ డబ్బా మూత తీసుకుని, బావ స్కూటరు వెనకెక్కి షాపుకెళ్లి, మూత మీది నంబరు కంప్యూటర్లో కొట్టింది. మధ్య చదరంలో మెత్తని లేత గంధం రంగు కనిపించింది. మూతకంటిన రంగును తెర పక్కన పెట్టి పట్టుకుంది. ఇది చిలక, అది గంధం. నక్కకూ నాగలోకానికీ ఉన్నంత దూరం.

"మా యంత్రం పాడైందా ఏంటమ్మా?" అన్నాడు షాపాయన కంగారుగా.

అదే కంప్యూటర్లో పాత ప్రోగ్రాం ఇంకా ఉంది. చుక్క దాన్ని తెరిచి అదే నంబరు కొట్టింది. బూడిద రంగు తెర మధ్య చదరంలో చిలకపచ్చ నిగనిగలాడింది.

ఆమె అక్కడే డబ్బాల మీద కూర్చుండిపోయింది. అన్ని రంగుల్నీ తమలో కలుపుకుంటామని వాళ్లు రాసిన మాటకు అర్థం ఇదన్నమాట. ఆ లైబ్రరీ తెర మీద ఎక్కడ ఏ రంగు కనిపించినా దాని మీద తన వంగపండు రంగును పల్చగా పూసేస్తోంది. బటన్ల మీద పూసినా, అంచుల మీద పూసినా నష్టం లేదు. ఏ చదరం కోసం ఈ ప్రోగ్రాం పుట్టిందో దాని మీద కూడా పూసింది. ఎర్రటి పచ్చటి బటన్లన్నీ నొక్కి చూసిన తను ఆ చదరాన్ని మాత్రం చూడలేదు. అందులో మనమేమీ మార్చలేదు కదా అనుకుంది.

బావ గల్లాపెట్టె దగ్గర నిలబడి రంగుల బ్రష్షులు లెక్కపెడుతున్నట్టు నటిస్తున్నాడు.

"నేనేమీ అనలేదు," అన్నాడు.

"నువ్వు అనకపోవడమే గట్టిగా వినిపిస్తోంది," అంది చుక్క.

ఇంటికెళ్లి ఉన్నదున్నట్టు చెప్పింది. వంగపండు రంగు ఎవరు ఎంచుకున్నారన్న ప్రస్తావన మాత్రం ఎవరూ తేలేదు. అత్తయ్య కూడా తేలేదు. ఆమె కొడుకు వైపు తిరిగి తీర్పు చెప్పింది. "ఈ గోడల రంగు మారేదాకా మీ నాన్నకు తిండీ నిద్రా ఈ గదిలోనే. వెలుగు బాగా ఉంటుంది."

మామయ్య ఆ శిక్షకు తలవంచి, అసలు సంగతికి వచ్చాడు. "మన గోడ సరే. ఆ షాపులో మిగతావాళ్ల గోడల సంగతేంటి? తప్పు మనది. వాళ్లు అడగకముందే మీరిద్దరూ వెళ్లి చెప్పండి. మళ్లీ రంగు వేయించి ఇద్దాం."

షాపాయన జ్ఞాపకశక్తి గట్టిది. కొత్త తెర చూసి రంగు కొన్నవాళ్లందరినీ గుర్తు చేసుకున్నాడు. నీలాలు, గులాబీలు కొన్నవాళ్లకు పెద్ద తేడా రాలేదు. పసుపు, పచ్చల జోలికి వెళ్లినవాళ్లే దెబ్బతిన్నారు. అత్తయ్యను తీసేస్తే అలాంటివాళ్లు ముగ్గురున్నారు.

మొదటి ఆమె టైలరు. ఆమె దుకాణం ముందువైపు గోడ వీధి మలుపు నుంచే కళ్లలో పొడుస్తోంది. చుక్క నోట మాట పూర్తి కాకముందే ఆమె కత్తెర పక్కన పెట్టింది. "దాని మీద చెయ్యి వేశారంటే ఊరుకోను. ఈ గోడ పడ్డాకే నా దుకాణం ఇక్కడుందని జనానికి తెలిసింది," అంది.

బావకు ప్రాణం లేచొచ్చింది. "చూశావా, అందరూ ఏడవరు," అన్నాడు స్కూటరు ఎక్కుతూ.

రెండో ఆయన పళ్ల డాక్టరు. రోగులు కూర్చునే గదికి వెన్నపూస రంగు అనుకుని తీసుకెళ్లాడు. వాళ్లిద్దరూ గదిలోకి అడుగుపెట్టి గోడలు చూసి మొహమొహాలు చూసుకున్నారు. ఆ పసుపు ఎక్కడో బాగా తెలిసిన పసుపులా ఉంది.

"తోమని పళ్ల రంగు," అన్నాడు డాక్టరు వాళ్ల తంటా చూసి. "వచ్చినవాళ్లందరూ గోడ చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటున్నారు. ఒకాయన తన గురించే వేయించాననుకుని లేచి వెళ్లిపోయాడు."

చుక్క తప్పు ఒప్పుకుంది. డాక్టరు కోప్పడలేదు. సెలవురోజున వచ్చి మార్చమన్నాడు. వెళ్లబోతుంటే బావను ఆపి, నోరు తెరవమని, రెండు పళ్లు పుచ్చాయని చెప్పి పంపించాడు.

మూడో ఇల్లు సందు చివర. తలుపు తీసింది ఒక పెద్దావిడ. రంగుల షాపు పేరు చెప్పగానే ఆవిడ వెనక్కి ఒకసారి చూసి గొంతు తగ్గించింది.

"గోడ గురించైతే ఆయన ముందు మాట్లాడకండి. మనసు బాగోలేదు."

"ఎవరూ?" అని లోపల్నుంచి వినిపించింది.

ఆయన రిటైరైన డ్రాయింగ్ మాస్టారు. కిటికీ పక్కన కుర్చీలో గోడకు వీపు పెట్టి కూర్చుని ఉన్నాడు. ఆ గోడ పచ్చి నిమ్మకాయలా ఉంది. టేబులు మీద ఉండాల్సిన కుంచెలన్నీ ఒక గుడ్డలో మూటకట్టి మూలన పెట్టి ఉన్నాయి. వాళ్లను కూర్చోమని, "షాపువాళ్లా? రంగు బాగుందండీ. తప్పు నా కళ్లది," అన్నాడు.

చుక్కకు అర్థం కాలేదు. మాస్టారే నెమ్మదిగా చెప్పాడు. షాపులో పాత కాగితం రంగు ఎంచుకున్నాడట. లేతగా, కాస్త మాగినట్టు ఉండే రంగు. ఇంటికొచ్చి గోడకు వేస్తే ఆయన కంటికి నిమ్మపచ్చగా కనిపించింది. జీవితమంతా పిల్లలకు రంగులు నేర్పిన మనిషి. భార్యను అడిగితే పాత కాగితంలాగే ఉందంది. పక్కింటాయన్ను అడిగితే ఆయనా అదే అన్నాడు. కళ్ల డాక్టరు దగ్గరికెళ్తే చూపు బాగానే ఉందన్నాడు.

"పెద్దవయసు కదా, బాధపెట్టడం ఎందుకని వాళ్లు చెప్పరు," అన్నాడు మాస్టారు. "చూపు ఉన్నా రంగు పోయింది. ఆ కుంచెలు ఏదైనా బడికి ఇచ్చేద్దామని కట్టిపెట్టాను."

చుక్క బావ వైపు చూసింది. ఎవరికైనా ఏదైనా అమ్మగల ఆ మనిషి మూలనున్న కుంచెల మూట వంక చూస్తున్నాడు.

"మాస్టారూ," అంది చుక్క. "మీ కళ్లకు ఏమీ కాలేదు. ఈ గోడ నిమ్మపచ్చగానే ఉంది. తప్పు నాది. కంప్యూటరు తెర మీద ఒక తొడుగు వేశాను. అది వంగపండు రంగు. అది మీరు ఎంచుకున్న రంగు మీద కూడా పూసుకుపోయి, దాన్ని పాత కాగితంలా చూపించింది."

మాస్టారు కుర్చీ తిప్పి గోడ వైపు చూశాడు.

"పచ్చ మీద ఊదా వేశారా?"

"అవునండీ."

"పచ్చ మీద ఊదా వేస్తే పచ్చ చచ్చి ఊరుకుంటుంది కదమ్మా. మీకు బడిలో డ్రాయింగ్ లేదా?"

"ఉంది మాస్టారూ. ఆ పీరియడ్లో లెక్కలు చేసుకునేదాన్ని."

ఆయన తల ఊపాడు. తర్వాత ఉన్నట్టుండి భార్య వైపు తిరిగాడు. ఆవిడ అప్పటికే వంటింటి వైపు రెండడుగులు వేసింది.

"ఆగు. నీకూ ఇది పచ్చగానే కనిపించిందా?"

"మొదటిరోజు నుంచీ," అంది ఆవిడ.

"మరి పాత కాగితంలా ఉందన్నావేం?"

"మీరు ఎంచుకున్నారు కదా. బాగోలేదంటే బాధపడతారని."

"పక్కింటాయన?"

"నేనే వెళ్లి చెప్పొచ్చాను, అడిగితే బాగుందనమని."

మాస్టారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. భుజాలు ఊగుతుంటే చుక్క భయపడింది. ఆయన ఏడవడం లేదు, నవ్వుతున్నాడు. "నేను గుడ్డివాణ్నయిపోయానని ఇన్నాళ్లూ గోడకు వీపు పెట్టి కూర్చున్నాను," అన్నాడు నవ్వు మధ్యలో. "నువ్వేమో వీధి వీధంతా అబద్ధాలు పంచుతున్నావు." భార్యకు కోపమొచ్చింది. ప్రేమతో చేసిన పని కూడా తప్పేనా అంది. ఆ గొడవలో వచ్చినవాళ్లకు టీ ఇవ్వాలన్న సంగతి ఇద్దరూ మర్చిపోయి, మళ్లీ గుర్తొచ్చి, రెండుసార్లు ఇచ్చారు.

ఆఫీసుకొచ్చిన చుక్క ముందు ఆ ఒక్క లైను కొట్టిపారేసింది. ఆ ఒక్క మనిషి రాసిన చిన్న లైబ్రరీని తెచ్చుకుని, ఏ తెరకు ఆ తెరగా తగిలించడం మొదలుపెట్టింది. దానికి ఇలాంటి వేషాలు లేవు. ముట్టుకోమన్నదాన్నే ముట్టుకుంటుంది, వద్దన్నదాని జోలికి వెళ్లదు. మెడ నొప్పి అనుకున్నట్టే వచ్చింది. రంగుల తేడా పట్టడానికి పక్కన ఇంకో జత కళ్లు కావాలి. ఆ ఆఫీసులో అలాంటి కళ్లు ఎవరివో ఆమెకు ఇప్పుడు తెలుసు.

"బావా, ఇలా వచ్చి కూర్చో," అంది తెర మీంచి చూపు తిప్పకుండా. "ఆ రోజు పసుపు నీరసంగా ఉందన్నావు. నువ్వన్నదే నిజం."

"వినపడలేదు," అన్నాడు బావ.

"నువ్వన్నదే నిజం."

"నాన్న కూడా వింటే బాగుండేది."

"కూర్చుంటావా, అత్తయ్యకు చెప్పి నీ మంచం కూడా చిలక గదిలో వేయించనా?"

అతను కూర్చున్నాడు. మిగతా తెరలన్నీ వాళ్లిద్దరే చేశారు. ఏ రంగు తొడుగు వేయాలన్నది మాత్రం ఈసారి ఇంట్లోవాళ్లు తేల్చలేదు. మామయ్య స్వయంగా వెళ్లి మాస్టారును పిలుచుకొచ్చాడు. మాస్టారు తెర ముందు కూర్చుని, రంగు చూపించే చదరం చుట్టూ రంగన్నదే ఉండకూడదన్నాడు. బూడిద ఒక్కటే పనికొస్తుందన్నాడు. అయితే ఏ బూడిద అన్నదగ్గర పేచీ వచ్చింది. ఒకటి వేడిగా ఉందన్నాడు, ఒకటి నీలానికి జారుతోందన్నాడు. నాలుగు సాయంత్రాలు ఆఫీసుకొచ్చి, చుక్క ఓపిక చివరంచుకు వచ్చాక, ఒకటి ఒప్పుకున్నాడు. పేజీ మీద చుక్క పడితే చించేసే మనిషికి తనకంటే చాదస్తుడు దొరకడం అదే మొదలు.

ఈలోగా షాపులో పాత ప్రోగ్రాంతో రంగు కలిపించి పళ్ల డాక్టరు గదిని వెన్నపూస రంగులోకి మార్చారు. అత్తయ్య గదికి గంధం రంగు పడింది, మామయ్య తన మంచానికి తిరిగి వెళ్లాడు. మాస్టారు మాత్రం కొత్త తెర వచ్చేదాకా తన గోడ జోలికి ఎవర్నీ రానివ్వలేదు. అది వచ్చిన రోజు షాపులో కూర్చుని మళ్లీ పాత కాగితం రంగే ఎంచుకున్నాడు. పెయింటరు గోడ పూర్తిచేసి, తడి రంగు చూసి ఏమీ అనకూడదు, ఆరాక చూడండి అని చెప్పి వెళ్లాడు.

చుక్కా బావా చూసి వెళ్దామని వస్తే మాస్టారు వదల్లేదు. నాలుగు కుర్చీలు గోడకు ఎదురుగా వరసగా వేయించాడు. సినిమాకు వచ్చినట్టు నలుగురూ కూర్చుని గోడ చూశారు. ఫ్యాను తిరుగుతోంది. కాసేపటికి పై మూల ఆరింది. బావ కునికిపాట్లు పడ్డాడు. మధ్యభాగం ఆరింది. చుక్క అంతదాకా తన జీవితంలో ఏ తెరనూ అంత శ్రద్ధగా చూడలేదు.

చివరి మచ్చ కూడా ఆరాక మాస్టారు లేచి, దగ్గరికెళ్లి చూసి, దూరం జరిగి చూసి, కిటికీ తలుపు ఒకటి మూసి చూశాడు. మొహం విప్పారింది. అచ్చంగా అదే. లేతగా, మాగినట్టుగా ఉంది.

"నాకైతే సరిగ్గానే కనిపిస్తోంది," అన్నాడు. తర్వాత భార్య వైపు తిరిగి, "నువ్వు చెప్పు. ఈసారి నన్ను బాధపెట్టకూడదని ఏమీ అనుకోకు. ఎలా ఉందో నిజం చెప్పు."

ఆవిడ గోడ వంక చూసింది. చుక్క వంక చూసింది. చీర చెంగుతో చేతులు తుడుచుకుంది.

"పాత కాగితంలాగే ఉందండీ," అంది. "అసలు నాకు ఆ రంగే నచ్చదు. అటకెక్కించిన పుస్తకాల మధ్య కాపురం చేస్తున్నట్టు ఉంటుంది."

బావకు నిద్ర వదిలిపోయింది.

మాస్టారు ఆవిడ మొహంలోకి చూశాడు. "ఈ మాట షాపుకు వెళ్లకముందు చెప్పొచ్చుగా."

"మీరెప్పుడు అడిగారు?"

ఆయన గుమ్మం దగ్గరికెళ్లి చెప్పుల్లో కాళ్లు పెట్టి, భార్య చెప్పులు కూడా కాలితో ముందుకు జరిపాడు.

"పదండమ్మా," అన్నాడు చుక్కతో. "షాపు మూసేలోగా వెళ్దాం. ఈసారి తెర ముందు ఈవిడ కూర్చుంటుంది."

"నేనా?" అంది ఆవిడ, జుట్టు సవరించుకుంటూ.

"నువ్వే. నేను ఆ పక్కన డబ్బాల మీద కూర్చుంటాను. నోరు తెరిస్తే అడుగు."

బావ స్కూటరు తాళాలు తీసి మాస్టారి చేతిలో పెట్టబోయి, ఆయనకు నడపడం రాదని తెలిసి, పెద్దావిణ్ని వెనక ఎక్కించుకున్నాడు. చుక్కా మాస్టారూ వెనకాల నడిచారు. షాపు వచ్చేదాకా మాస్టారు ఆమెకు బూడిద రంగులో ఉన్న రకాల గురించి చెబుతూనే ఉన్నాడు.